గడి కారు స్టార్ట్ కావడం లేదు

కోరుట్ల
6 జనవరి 2025

ప్రమీలక్కకు నమస్కారాలతో తమ్ముడు గోపాల్ రావు,

నా చెవి మిషను ఫోను దగ్గరికి తెస్తే కూత పెడుతుంది. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. సిరిసిల్ల కాలేజీలో జన్మంతా ఫిజిక్సు చెప్పావు. ఆ చదువు ఈ ఒక్కసారి పుట్టింటికి అక్కరకు రావాలి.

వైష్ణవి పెళ్ళి మాఘంలో ఖాయం చేశాను. పిల్లవాడు దినేశ్, జగిత్యాలలో మన అమ్మాయి చేసే బ్యాంకులోనే పని. వాళ్ళది నేతవాళ్ళ ఇల్లు. తండ్రి గోవర్ధన్‌కు మీ సిరిసిల్లలోనే సాంచాల షెడ్డు ఉంది, మరమగ్గాలు నడిపిస్తాడు. ఒకప్పుడు మన ఊళ్ళో, నాన్న దొరగా ఏలిన మన గడికి ఎదురు వాడలో ఉండేవాళ్ళు. నేను ఇష్టపడి ఒప్పుకున్నానని అనుకోకు. బిడ్డ తిండి మానేసి మంచం పట్టింది, ఒప్పుకున్నాను. అయితే ఒక్క విషయంలో మాత్రం నా మాట జరగాలి. పెళ్ళికూతురు గడి నుంచి ఫంక్షన్ హాలుకు నాన్న కారులోనే రావాలి. మనం ఎవరమో వాళ్ళు ఒకసారి చూడాలి.

ఊరు విడిచి వచ్చినప్పుడు కొట్టంలో పెట్టిన కారు, ఇన్నేళ్ళకు మొన్న తలుపు తీయించాను. ఆ వాసన నీకు ఎట్లా చెప్పను. సీట్లలో ఎలుకలు సంసారాలు పెట్టాయి. వెనక సీటు ఎత్తితే ఎండి అట్టకట్టిన పందికొక్కు ఒకటి, దాని తోక ఇంకా మెత్తగా ఉంది. నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను, మధ్యాహ్నం అన్నం పోలేదు.

జగిత్యాల నుంచి ఏసయ్య అనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. నోట్లో ఎప్పుడూ గుట్కా. మాట్లాడేది తక్కువ, ఉమ్మేది ఎక్కువ. నాన్న కారు బానెట్ పక్కనే ఉమ్ముతాడు. ఎలుకలు కొరికిన వైర్లన్నీ తీసి కొత్తవి వేశాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు. ఫ్యాను పట్టుకుని తిప్పితే ఇంజన్ తిరుగుతోంది, బిగుసుకోలేదు. కానీ సెల్ఫ్ బటన్ నొక్కితే చడీ చప్పుడూ లేదు. 'మోటర్ ఖరాబైంది సార్' అంటాడు. కిందికి వంగి చూడవయ్యా అంటే నడుము నొప్పి అంటాడు.

ఏం చేయాలో వెంటనే రాయి. నాన్న ఉన్నప్పుడు ఎట్లా నడిచేదో అట్లాగే నడవాలి.

నీ తమ్ముడు
గోపాల్


సిరిసిల్ల
10 జనవరి 2025

గోపాల్‌కు అక్క ఆశీస్సులు,

నీ ఉత్తరం చదివితే పందికొక్కు కంటే నీ మాటలే ఎక్కువ రోత పుట్టించాయి. బిడ్డ పెళ్ళి చేస్తున్నావా, గడి ఊరేగింపు తీస్తున్నావా? మనం ఎవరమో వాళ్ళకు తెలియక కాదు. ఇక్కడ నూలు కొట్టులో నన్ను చూస్తే ముసలివాళ్ళు ఇప్పటికీ లేచి నిలబడతారు. నాకు ఆ క్షణం అక్కడినుంచి మాయమైపోవాలనిపిస్తుంది.

ఆ కారంటే నాకు చిన్నప్పుడే అసహ్యం. చుట్ట కంపు, పెట్రోలు కంపు, నాన్న తలకు రాసుకునే నూనె. జగిత్యాల చేరేలోగా నేను కక్కుకోని రోజు లేదు. నువ్వేమో కిటికీ దగ్గర రాజుగారిలా కూర్చునేవాడివి.

అయినా కరెంటు ఎక్కడో ఆగిపోయిందంటే నా బుద్ధి ఊరుకోదు. అది నా జబ్బు. ఏసయ్యకు మోటరు పాడైందని ఎట్లా తెలిసింది, చూడకుండా? ముందు ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టుకోమను. బ్యాటరీ దగ్గర వెలిగించి చూసి, అక్కడినుంచి ఒక్కొక్క జాగా దాటుకుంటూ రమ్మను. బ్యాటరీ వైరు బాడీకి బిగించిన చోట, బాడీ నుంచి ఇంజన్‌కు పోయే పట్టీ దగ్గర తుప్పు గీకి మెరిసేదాకా రుద్దాలి. కరెంటు పోవడానికే కాదు, తిరిగి రావడానికీ దారి కావాలి. పాత బండ్లలో సగం రోగాలు ఈ తిరుగుదారిలోనే ఉంటాయి.

ఇంకొకటి. డాష్‌బోర్డు మీద ఆంపియర్ ముల్లు ఉంటుంది. లైట్లు వేసినప్పుడు అది ఎటు కదులుతుందో చూసి రాయి. నీ అభిప్రాయం రాయకు, ముల్లు ఎటు తిరిగిందో రాయి.

వైష్ణవికి నా ముద్దులు. అది సన్నబడిందని విన్నాను. నెయ్యి పంపుతున్నాను, నువ్వు తినకు.

అక్క ప్రమీల


కోరుట్ల
17 జనవరి 2025

అక్కకు,

నెయ్యి అందింది. నువ్వు కారు బాగుచేయడానికి ఒప్పుకున్నందుకు సంతోషం. నీ మనసు మారుతుందని నాకు తెలుసు. శుభలేఖలో నీ పేరు ముందు వేయించాను. కారులో పెళ్ళికూతురి పక్కన నువ్వే కూర్చుంటావు.

తుప్పంతా గీకించాను. ఏసయ్య చేతులకు గుట్కా రంగు, తుప్పు రంగు కలిసి చూడబుద్ధి కాలేదు. ఆ చేతులతోనే నా చాయ్ గ్లాసు అందించాడు, పారబోశాను. లైట్లు వెలిగాయి. ఆంపియర్ ముల్లు చార్జింగ్ వైపు తిరిగింది. ఇంజన్ నడవకుండానే బ్యాటరీ నిండుతోందంటే నాన్న కాలం బండ్ల గొప్పతనమే వేరు. బల్బు తెచ్చి సెల్ఫ్ బటన్ దాటిన తరువాత ఉన్న లావు వైరుకు పెట్టి చూశాం. బటన్ నొక్కితే బల్బు వెలుగుతోంది. మోటరు మాత్రం ఉలకదు పలకదు.

ఈ లోపల ఒక అవమానం జరిగింది. మొన్న గోవర్ధన్ వాళ్ళు ఊరికి వచ్చారు. నేనే పిలిచాను, గడి చూపిద్దామని. దినేశ్ మర్యాదస్తుడే, చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. వాళ్ళ నానమ్మ నర్సవ్వ కూడా వచ్చింది. కొట్టం దగ్గర కారు చూడగానే ఆ ముసలావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగి, గేటు బయటికి వెళ్ళి నిలబడింది. లోపల కూర్చొమ్మన్నా రాలేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సీట్లు మార్పించి, అత్తరు కొట్టించి చూపిస్తే ఆమెకు మన కారు కంపు కొట్టిందట. ఎవరి ముందు ఎవరు ముక్కు మూసుకోవాలి? ఇంకా పెళ్ళి కాకముందే ఇట్లా ఉంటే తరువాత మన పిల్లను ఏం చూస్తారు? నాకు ఈ సంబంధం మీదే మనసు విరుగుతోంది. వైష్ణవితో అంటే లేచి వెళ్ళిపోయింది.

గోపాల్


సిరిసిల్ల
21 జనవరి 2025

గోపాల్‌కు,

నేను ఒప్పుకున్నది వైర్లు చూడడానికి. పక్కన కూర్చోవడానికి కాదు. శుభలేఖలో నా పేరు ఎక్కడైనా వేసుకో, ఆ కారులోకి మాత్రం రాను.

ముల్లు చార్జింగ్ వైపు తిరగడం గొప్పతనం కాదు, బ్యాటరీ తలకిందులుగా పెట్టారు. ఇప్పటి బండ్లలో మైనస్ బాడీకి పోతుంది. ఆ కాలపు మన కారులో ప్లస్ పోతుంది. ఏసయ్య ఇప్పటి బండ్ల లెక్కన బిగించాడు. వెంటనే మార్చమను. డైనమో సంగతి తరువాత చూద్దాం.

కానీ మోటరు కదలకపోవడానికి అది కారణం కాదు. బ్యాటరీ ఎట్లా పెట్టినా ఆ మోటరు తిరగాలి. లావు వైరులో కరెంటు వస్తోందంటే జబ్బు ఇంకా కింద ఉంది. నువ్వు ఏసయ్యను నమ్ముకోకు. నీకు నడుము ఉంది కదా, వంగు. చాప పరుచుకుని కారు కింద పడుకుని, ఆ వైరును చేత్తో పట్టుకుంటూ వెళ్ళు. ఎక్కడ ఆగుతుందో చూసి రాయి.

నర్సవ్వ సంగతి నేను కనుక్కుంటాను. ఆమె ఉండేది నా ఇంటికి మూడు గల్లీల అవతలే. ముసలావిడ ముక్కు మూసుకున్నదని బిడ్డ పెళ్ళి చెడగొడతావా? నేనైతే ఆ కారులోనే కక్కుకున్నాను, నన్నేం చేస్తావు? తొందరపడి ఒక్క మాట కూడా అనకు.

ప్రమీల


కోరుట్ల
27 జనవరి 2025

అక్కకు,

ఎవరు ముక్కు ఎందుకు మూసుకున్నారో ఇప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పినట్టే కారు కింద దూరాను. ఈ వయసులో నా మీద ఆయిలూ మట్టీ రాలుతుంటే కళ్ళు మూసుకుని వైరు పట్టుకుని వెళ్ళాను. అది ఎక్కడికీ పోలేదక్కా. దాని చివర గాలిలో ఉంది. ఒక పాత గుడ్డపేలికతో ముడి చుట్టి పక్క పైపుకు కట్టేశారు. మోటరు ఉండాల్సిన చోట మోటరే లేదు. అక్కడ రేకు ముక్క ఒకటి అడ్డం పెట్టి బోల్టులు బిగించారు, దాని మీద ఇంత మందాన మడ్డి. ఏసయ్యను పిలిచి చూపిస్తే 'గిదేంది సార్, మోటరే లేదు' అని నవ్వాడు. ఇన్ని రోజులు లేని మోటరు ఖరాబైందని నాతో చెప్పిన మనిషి. వాణ్ణి ఆ రోజే వెళ్ళగొట్టాను.

ఆ గుడ్డ విప్పి చూశాను. చేమగ్గం మీద నేసిన తువ్వాల ముక్క. ఎర్ర అంచు. మన ఊళ్ళో అది ఎవరు నేసేవాళ్ళో నీకు తెలుసు. గోవర్ధన్ తండ్రి గడిలోకి రోజూ వచ్చేవాడు, కొట్టం వైపే తిరిగేవాడు, నాకు బాగా యాది. మనం ఊరు విడవగానే మోటరు ఊడదీసి అమ్ముకున్నారు. కారు చూడగానే ఆ ముసలావిడ గేటు బయటికి ఎందుకు పోయిందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

గోవర్ధన్‌కు ఫోను చేయించి అడిగేశాను. వైష్ణవి నా పక్కనే ఉండి నా మాటలు అతనికి, అతని మాటలు నాకు చెప్పాలి, చెప్పనని ఫోను విసిరింది. నేనే గట్టిగా అరిచి చెప్పాను, దొంగల ఇంటికి పిల్లనివ్వనని. అటువైపు ఏమన్నాడో నాకు వినపడలేదు. వైష్ణవి బట్టలు సర్దుకుని జగిత్యాల హాస్టల్‌కు వెళ్ళిపోయింది. పోనీ. హాలు అడ్వాన్సు వెనక్కి అడగాలి.

నాకు మనుషుల మీదే అసహ్యం పుట్టింది.

గోపాల్


సిరిసిల్ల
31 జనవరి 2025

గోపాల్,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని నర్సవ్వ దగ్గరికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను. గడి కారు సెల్ఫ్ మోటరు ఏమైందో తెలుసా అని అడిగాను. కోపం రాలేదు ఆమెకు. నావైపు వింతగా చూసింది.

'గా కారుకు సెల్ఫెక్కడిది దొరసానీ' అన్నది. 'కొన్నంక రెండేండ్లకే చెడిపోయింది. ఇంజన్ల ఇరికిందట. డ్రైవరు ఊడదీసి, హైద్రాబాద్ పంపి బాగు చేపియ్యాలె అన్నడు. ఊర్ల ఇంతమంది మొగోళ్లుండంగ మోటరెందుకురా అన్నడు దొర. గప్పటిసంది మావోళ్లే నూకుదురు. గా వైరుకు కట్టిన తువ్వాల మా ఆయనదే. భుజం మీదికెల్లి గుంజుకొని చింపిండ్రు.'

దొంగతనానికి నువ్వు పట్టుకున్న సాక్ష్యం అదే.

దొర బయలుదేరుతున్నాడంటే గడి మనిషి ఎదురు వాడలో తిరిగేవాడట, ఇంటికొకడు రావాలి. మగ్గం గుంటలోంచి పోగు తెగినా సరే లేచి పరుగెత్తాలి. కొట్టం నుంచి చింతచెట్టు మలుపు దాకా వెనకనుంచి తోసుకుంటూ నూకితే అక్కడ అంటుకునేది. ఆ తరువాత కారును తిప్పి గడి మెట్ల ముందుకు తెచ్చేవాళ్ళు, మనం ఎక్కేవాళ్ళం. ఆలోచించి చూడు, మనం ఎక్కేసరికి అది ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. నాన్న ఉన్నప్పుడు ఎట్లా నడిచేదో అట్లాగే నడవాలని రాశావు. ఇట్లా నడిచింది.

ఇంకా విను. 'మా పెండ్లినాడు' అన్నది నర్సవ్వ. 'అప్పుడే పుస్తె కట్టిండు. తలంబ్రాలు పొయ్యలేదు. దొర జగ్త్యాల పోవాలెనంట, పిలిసిండ్రు. పీటల మీదికెల్లి లేసి పోయిండు. ఆనకాలం. పసుపు బట్టల నిండ బురద, మొకం నిండ పొగ. గట్లనే అచ్చి నా పక్కన కూసున్నడు. తలంబ్రాలు పోస్తుంటె నాకు గా పొగ వాసనే అచ్చింది. మొన్న మల్ల గదే అచ్చింది.'

నీ అత్తరు ఆమెకు ఎట్లా అందుతుంది?

ఇంత జరిగిన మనిషి, తన మనవడికి ఆ గడి పిల్లను చేసుకోవడానికి ఒప్పుకున్నది. మీ నాయన సంగతి మాకు తెలుసు అని ఒక్కసారి కూడా అనలేదు. గోవర్ధన్ ఫోను పెట్టేసి ఆ రోజు షెడ్డు బంద్ చేసుకున్నాడట. దినేశ్ రోజూ జగిత్యాల హాస్టల్ ముందు నిలబడి వైష్ణవిని తినమని బతిమాలుతున్నాడు. నేను వెళ్ళి చూశాను, దాని మెడ ఎముకలు కనపడుతున్నాయి.

నాన్న మీద నాకు ఎంత రోత కలిగిందో రాయలేను. నీ మీద కలిగింది మాత్రం రాస్తున్నాను. ఉత్తరాలు ఇక చాలు. నువ్వు సిరిసిల్లకు వచ్చి, ఆ ఇంట్లో నిలబడి, నోటితో చెప్పాలి. చెప్పకపోతే వైష్ణవి పెళ్ళి నా ఇంట్లో నేను చేస్తాను, నీ పేరు శుభలేఖలో ఉండదు.

ప్రమీల


కోరుట్ల
12 ఫిబ్రవరి 2025

అక్కా,

నేను సిరిసిల్ల వచ్చి వెళ్ళాను. నీ గుమ్మం దాకా రాలేకపోయాను.

నీ ఉత్తరం చదివి మొదట నర్సవ్వ అబద్ధాలు చెప్పిందనుకున్నాను. తరువాత నేను చేసిన పని చెబితే నువ్వు నవ్వుతావు. హైదరాబాద్ నుంచి పాత సెల్ఫ్ మోటరు ఒకటి తెప్పించి, వేరే మెకానిక్‌తో బిగింపించాను. బ్యాటరీ సరిగ్గా మార్చాం, డైనమో, బ్రేకులు బాగు చేయించాం, టైర్లు కొత్తవి వేయించాం. బటన్ మీద వేలు పెడితే చాలు, అంటుకుంటోంది. మోటరు పెట్టాను, ఇక ఎవరూ నూకే పని లేదు, గొడవ అయిపోయింది అనుకున్నాను. అది వాళ్ళకు చూపించాలని ఆ కారు నడుపుకుంటూనే సిరిసిల్ల వచ్చాను. అంత బుద్ధిహీనుణ్ణి.

గల్లీలో సాంచాల చప్పుడుకు నా మిషను గోల పెడితే తీసి జేబులో వేసుకున్నాను. కారు ఆపి లోపలికి వెళ్ళాను. గోవర్ధన్ కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. తప్పయిందని చెప్పాను. దొంగలన్నందుకు చెప్పాను. నాన్న చేసినదానికి ఏం చెప్పాలో తెలియక చేతులు జోడించాను. నర్సవ్వ నా దగ్గరికి వచ్చి, నాకు వినపడేటట్టు చెవి దగ్గర నోరు పెట్టి అన్నది, 'పిల్లను పంపుండ్రి. గా కారును మాత్రం పంపకుండ్రి.' సరేనన్నాను. వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగాను.

బయటికి వచ్చి కారెక్కాను. బటన్ నొక్కబోతూ అద్దంలో చూస్తే వెనక ఎవరో ఉన్నారు. నర్సవ్వ మరిది శ్రీశైలం. ఎనభై దాటాయి, మతి సరిగా లేదట, కొడుకులనే గుర్తుపట్టడట. కారును గుర్తుపట్టాడు. చెప్పులు పక్కన విప్పి పెట్టాడు. రెండు చేతులూ డిక్కీ మీద పెట్టి, ఒక కాలు వెనక్కి తన్ని పట్టి ఉన్నాడు.

దిగి దగ్గరికి వెళ్ళాను. నా ముఖంలో నాన్న కనపడ్డాడేమో. 'ఆలిశమైంది దొరా' అన్నాడు. 'కోపం చెయ్యకుండ్రి. కూసోండ్రి, నూకుతం.'

మిషను జేబులోనే ఉంది. నాకు ఏదీ వినపడకూడదు. ఆ మాటలన్నీ వినపడ్డాయి.

మోటరు పెట్టించాను తాతా, నూకే పని లేదు అని చెప్పాను. గోవర్ధన్, దినేశ్ వచ్చి చెరొక రెక్క పట్టుకుని లాగారు. చేతులు తీయలేదు. 'తాతకు మతి లేదు మామా, మీరు పోండ్రి' అని నాకు వినపడేటట్టు గట్టిగా అన్నాడు దినేశ్, నాకు సిగ్గు కలగకూడదని నవ్వుతూ. నేను బటన్ నొక్కితే అది ముందుకు కదులుతుంది, ఆయన తానే నూకాననుకుంటాడు. తాళంచెవి దినేశ్ చేతిలో పెట్టి నడుచుకుంటూ వచ్చి బస్సెక్కాను.

వైష్ణవి ఇంటికి వచ్చింది. అన్నం తింటోంది. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే, నువ్వు ముందు రావాలి.

అయితే నిన్న దినేశ్ దానికి ఫోను చేశాడట. కారు అక్కడే ఉంది కదా, శ్రీశైలం పొద్దున్నే లేచి వెళ్ళి దాని వెనక నిలబడుతున్నాడట. తిండికి పిలిచినా రావడం లేదు. దొర ఇంక కూసోలేదు అంటున్నాడట.

ఈ ఉత్తరం అందగానే ఒక లారీ మాట్లాడి దాన్ని అక్కడినుంచి ఎత్తించు అక్కా. స్టార్ట్ మాత్రం చేయించకు.

గోపాల్